మా అత్త కట్టించిన రోము

కర్నూలుకు రాజధాని వచ్చిన ఏడే నేను కర్నూలు విడిచిపెట్టాను. ఊరంతా గుడారాలు వేస్తున్నారు. ఎక్కడెక్కడి నుంచో గుమాస్తాలు ట్రంకు పెట్టెలతో దిగుతున్నారు. అద్దె ఇళ్లు దొరక్క తుంగభద్ర ఒడ్డునే కాపురాలు పెట్టేట్టున్నారు. సరిగ్గా అప్పుడే నన్ను ఆలూరు దగ్గర ఒక పల్లెకు కోడలిగా పంపించారు. లోకమంతా కర్నూలుకు వస్తుంటే నేనొక్కదాన్నే ఎదురు నడిచినట్టయింది. ఈ మాటే మా నాన్నతో అంటే, "రాజధాని ఈ పొద్దు ఉంటాది, రేపు పోతాది. మంచి సంబంధం మళ్లా రాదు పాపా" అన్నాడు. రాజధాని సంగతి ఆయన అన్నట్టే అయింది. సంబంధం సంగతి ఇప్పుడు చెప్తాను.

నాకు నీళ్ల పిచ్చి. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ తుంగభద్రలోనే నా స్నానం. పొద్దున్నే అమ్మ వెంట బట్టల మూటతో నదికి పోతే, ఆమె ఉతుకుడు ముగించి, ఆరేసి, మడతపెట్టి, గొంతు చించుకుని పిలిచినా నేను ఒడ్డెక్కేదాన్ని కాదు. ఇంట్లో నన్ను బర్రె అని పిలిచేవాళ్లు. దిగితే లేవదని. అలాంటిదాన్ని అత్తగారింట్లో మొదటి రోజు దొడ్లో చాప చాటుకు తీసుకుపోయి, ఒక చిన్న కడవ చూపించారు. అందులో అడుగున ఇన్ని నీళ్లు. నేను వెతుక్కుంటూ "ఇంకో కడవ యాడుండాది?" అని అడిగాను.

మా అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఈ కడవ నీకూ నాకూ ఇద్దరికీ మే" అంది.

ఆ పూట నేను ఏడ్చిన కన్నీళ్లతో ఇంకో చెంబు నిండి ఉండేది.

నీళ్లు లేవా అంటే ఉన్నాయి. మా కపిల బావి ఊరి వారనే, చేను మొదట్లో ఉండేది. జోడెద్దులు వాలు దారిలో కిందికి నడిస్తే మోకుకు కట్టిన తోలు బాన బావిలోంచి పైకి వచ్చి, తొండంలోంచి నీళ్లను భళ్లున రాతి తొట్టిలోకి కుమ్మరించేది. తొట్టి నుంచి కాలువ, కాలువ నుంచి మిరప మడి. మధ్యాహ్నం పూట ఆ తొట్టి కాడ చూడాలి మగవాళ్ల వైభోగం! పంచెలు గోచీలు చేసుకుని తొట్టిలో కూర్చుంటే, బాన వచ్చినప్పుడల్లా నెత్తిన జలపాతమే. ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటూ, ఊరి సంగతులన్నీ ఆరబోసుకుంటూ, ఆకలి పుట్టేదాకా లేచేవాళ్లు కాదు. మగవాళ్లకు పట్టపగలు బాన కింద. ఆడవాళ్లకు కోడి కూయకముందు చాప చాటున, అదీ బిందెలతో మోసుకొచ్చుకున్నన్ని నీళ్లు. మిరపకాయలు కోసి, చేతులూ మొహమూ భగభగ మండుతూ వచ్చిన కూలి ఆడవాళ్లు ఆ బావి పక్కనుంచే నడిచి పోయేవాళ్లు. ఆ తొట్టి వైపు తల తిప్పి చూడటం కూడా మర్యాద కాదు. నాకు ఒళ్లు మండేది, మిరపకాయలు కోయకపోయినా.

మా అత్త సంగతి చెప్పాలి. పొడుగు మనిషి. చదువు లేదు, మాటలు తక్కువ, కోపం ఎక్కువ. నలుగురు కొడుకులను కన్నది, ఆడపిల్ల లేదు. ఇంట్లో ధాన్యం గాదెలు ఎంత ఖాళీ అయ్యాయో చూడకుండానే చెప్పేది. ఊళ్లో పెద్దింటి ఆడమనిషి కాబట్టి అందరూ ఆమెకు దారి ఇచ్చేవాళ్లు. దగ్గరికి మాత్రం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నేనూ భయపడేదాన్ని. ఆమెను నేను మొదట మెచ్చుకున్నది రోము వల్ల.

వైశాఖం వచ్చిందంటే మా వైపు విత్తనం బుడ్డలు వలిచే పని. బుడ్డలంటే వేరుశెనగ కాయలే. మిషన్లో వేస్తే గింజ దెబ్బ తింటుందని విత్తనానికి మాత్రం చేత్తోనే వలుస్తారు. మా పంచలో ఆడవాళ్లంతా కాయల రాశి చుట్టూ కూర్చునేవాళ్లు. పంచ కింద, చూరు నీడన, వేరే చిన్న రాశి ముందు ఒకామె కూర్చునేది. ఊరికి దిగువ ఉన్న తోలు పని వాళ్ల పేట మనిషి. ఆమే, ఆమె మొగుడూ కలిసి మా కపిలకు బాన కుట్టేవాళ్లు. ఊళ్లో అందరూ ఆమెను బాన కుట్టే ఆమె అనే అనేవాళ్లు. పంచ ఎక్కకూడదు కాబట్టి కింద కూర్చునేది. కానీ వలవడంలో పైనున్న వాళ్లందరినీ మించిపోయేది, మాటల్లో కూడా.

బుడ్డలు వలిచి వలిచి వేళ్ల కొసలు వాస్తాయి. నోళ్లు ఊరికే ఉంటే నొప్పి తెలుస్తుందని ఎవరో ఒకరు కథ చెప్పాలి. పాత కథలన్నీ అయిపోయాక, చదువుకున్న కోడలు ఉంది గదా అని నా మీద పడ్డారు. నా పెట్టెలో హైస్కూలు చరిత్ర పుస్తకం ఒకటి ఉండేది. అందులో నాకు బాగా ఇష్టమైన పాఠం రోము నగరం, ఆ నగరంలో నీళ్ల పాఠం. అదే ఎత్తుకున్నాను.

రెండు వేల ఏండ్ల నాటి మాట అన్నాను. కొండల్లో పుట్టిన నీళ్లను రాతి వంతెనల మీద ఊళ్లోకి నడిపించుకొచ్చారట. ఊరందరికీ కలిపి గుడులంత స్నానాల ఇళ్లు కట్టారట. ఒక గదిలో చల్లటి నీళ్లు, ఒక గదిలో గోరువెచ్చనివి, ఒక గదిలో వేడివి. నేల కింద నిప్పు పెడితే బండలే వెచ్చగా కాగేవట. చాలా చోట్ల ఆడవాళ్లకు పొద్దున, మగవాళ్లకు మధ్యాహ్నం నుంచి. ఒంటికి నూనె రాసుకుని, వంకర కత్తిలాంటి దానితో గీకించుకునేవాళ్లట.

"నూనె పెట్టుకుని గీకేదా? సున్నిపిండి లేదా వాళ్లకు, పాపం!" అంది ఒకామె.

"కొండల్లోంచి నీళ్లు వచ్చినాయంట! మనకు కాలువ వస్తాది వస్తాది అని చెప్పబట్టి ఎన్నాళ్లాయ" అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. మా అత్త నవ్వలేదు. "పొద్దున ఆడోళ్లకా? ఎండ వచ్చినాకనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఆమె వలుస్తున్న కాయను చేతిలోనే పెట్టుకుని కాసేపు కూర్చుంది.

నాకు ఉత్సాహం వచ్చి, బడిలో మా అయ్యవారు చెప్పిన కథ కూడా చెప్పాను. రోము రాజు ఒక రోజు స్నానాల ఇంటికి పోతే, ఒక ముసలి సిపాయి గోడకేసి వీపు రుద్దుకుంటున్నాడట. ఏమప్పా ఇది అని అడిగితే, రుద్దేవాళ్లు లేరు దొరా, బానిసలను పెట్టుకునే స్తోమత నాకెక్కడిది అన్నాడట. రాజు జాలిపడి, రుద్దేదానికి మనుషులను ఇచ్చాడట. ఇంకో రోజు రాజు వస్తే ఊళ్లో ముసలివాళ్లంతా వరసగా గోడకు వీపులు రుద్దుతున్నారట! రాజు నవ్వి, మీరు ఇంతమంది ఉన్నారు గదా, ఒకరి వీపు ఒకరు రుద్దుకోండి అన్నాడట.

పంచ పంచంతా గొల్లుమంది. ఒకామె అయితే స్తంభానికి వీపు రుద్ది చూపించింది కూడా. ఆ నవ్వు తగ్గాక, చూరు కింద నుంచి బాన కుట్టే ఆమె తలెత్తకుండానే అడిగింది.

"అదంతా బాగుండాది గానీ చిన్నమ్మా, ఆ రాజు ఇచ్చిన మనుషులుండారే, ఆ రుద్దేవాండ్లు. వాండ్ల వీపు ఎవురు రుద్దుతాండ్రి?"

నాకు తెలియదు. పుస్తకంలో లేదు, అయ్యవారు చెప్పలేదు, నేను అడగలేదు. అదే చెప్పాను. "అవునా" అని ఆమె ఇంకో కాయ పగలగొట్టింది. మా అత్త మాత్రం ఆమె వైపు తిరిగి చూసింది.

ఆ సాయంత్రమే మా మామ అన్నం తింటుంటే అత్త విషయం ఎత్తింది. ఆడవాళ్లకు స్నానాల ఇల్లు కట్టాలి, కపిల బావి పక్కనే.

"ఎవురు పెట్టినారు నీకు ఈ బుద్ధి?"

"రోమోళ్లు."

"వాళ్లెవురు? గుంతకల్లు తట్టు వాళ్లా?"

నేను తలుపు చాటున నోట్లో కొంగు కుక్కుకున్నాను. అత్త మొహం చెక్కు చెదరలేదు. మామ నీళ్ల లెక్క తీశాడు. బావిలో ఊట ఎంత, మిరపకు కావలసింది ఎంత, ఆడవాళ్లు ఒలకబోస్తే మిగిలేది ఎంత. అంతా విని అత్త ఒకటే మాట అంది.

"నీళ్లు యాడికి పోతాయి? తొట్టిలోంచి మా నెత్తికి, మా నెత్తి నుంచి మిరప మడికి. దోవలో మమ్మల్ని తడిపి పోతాయి, అంతే గదా."

"మడి ఎండితే?"

"ఎండితే ఆ ఇల్లు నేనే పీకేయిస్తా."

షరతు అదొక్కటే. ఆ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికి వచ్చింది.

వానలకు ముందే పని మొదలైంది. నాపబండలను నిలువుగా పాతి గోడలు, పైన బోద గడ్డి కప్పు, లోపల తొట్టి, తొట్టికి కాలువ, వెనక గోడ అడుగున నీళ్లు పోయేదానికి తూము. దానికే ఊరు నోరు తెరిచి చూసింది. అత్త అంతటితో ఆగలేదు. "నేల కింద నిప్పు అన్నావే, అదెట్ల పెట్టినారు?" అని నన్ను పట్టుకుంది. పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. పొట్టి స్తంభాల మీద బండలు, కింద మంట. ఆ బొమ్మను మేస్త్రీకి చూపించి, అచ్చం అట్లాగే ఒక మూల పొట్టి స్తంభాల మీద నాపబండలు పరిపించింది. కింద పొయ్యి. వంటచెరుకు ఖర్చు లేకుండా బుడ్డల పొట్టు, పత్తి కట్టె.

కార్తీకం చలిలో మొదటిసారి పొయ్యి రాజేశాం. ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు. బండ బాగా కాగింది. ఒకామె సంతోషంగా చెంబుడు చల్లని నీళ్లు దాని మీద పోసింది. ఢామ్మని పేలింది! బండ మూడు ముక్కలై, బూడిద అందరి నెత్తిన పడి, ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి పరిగెత్తాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, తడిసిన బూడిదతో బయటికి వచ్చిన మమ్మల్ని చూసి కపిల కాడ మగవాళ్లు కడుపులు పట్టుకున్నారు. "రోము పేలిందప్పా!" అని ఒకడు కేక వేస్తే ఆ మాట సాయంత్రానికి ఆలూరు సంత దాకా పోయింది.

అత్త ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. రెండో రోజు, "ఆ రోమోళ్ల బండ ఏంటికి పగల్లేదు?" అంది. పుస్తకంలో లేదత్తా అన్నాను. "ఏందో నీ పుస్తకం. అక్కరకొచ్చేది ఒకటీ ఉండదు దాంట్లో" అని విసుక్కుంది. విసుక్కుంటూనే బుడ్డలు వేయించడానికి కూర్చుంది. మూకుట్లో ఇసుక పోసి, ఇసుక కాగాక బుడ్డలు వేసి కలుపుతోంది. కలుపుతూ కలుపుతూ గరిటె ఆపేసింది. మూకుడు వైపు చూసింది, నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. బుడ్డలు మాడిపోయినా ఇద్దరం పట్టించుకోలేదు.

మేస్త్రీ మళ్లీ వచ్చాడు. కింద ఇటుక, ఇటుక మీద జానెడు ఇసుక, ఇసుక మీద బండ. మంట తగలకుండా వేడి మాత్రం ఎక్కింది. నెమ్మదిగా కాగి, నెమ్మదిగా ఆరేది. చలిలో వచ్చి ఆ బండ మీద కూర్చుంటే నడుము నొప్పులన్నీ కిందికి జారిపోయేవి. మా అత్త అంటే నాకు భయం పోయింది అప్పుడే. ఆ తర్వాత మిగిలింది అభిమానం, అది ఈ రోజుకూ తరగలేదు. అక్షరం రాని మనిషి, ఎన్నడూ చూడని ఊరి సుఖాన్ని ఒక పాఠం విని పట్టుకుని, ఎద్దులతో, బుడ్డల పొట్టుతో, ఇసుకతో మా రేగడి నేల మీదికి దించింది.

ఆ చలికాలమంతా మా ఊరి ఆడవాళ్లు ఎండ ఉండగానే స్నానం చేశారు. చేలల్లోంచి వచ్చి, రేగడి మన్నుతో తలలు రుద్దుకుని, వెచ్చటి బండ మీద జుట్లు ఆరబెట్టుకునేవాళ్లు. నవ్వులు బయటికి వినపడుతున్నాయని మగవాళ్లు ఫిర్యాదు చేశారు. ఒకరి వీపు ఒకరు రుద్దుకోవడం అక్కడ చట్టమైంది. ఎవరైనా బద్ధకిస్తే, "రాజు మాట తీసేస్తావా?" అని గదమాయించేవాళ్లు. అత్త వీపు మాత్రం ఎవరూ రుద్దేవాళ్లు కాదు. పెద్దింటామె వీపు మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికి ఉంటుంది? అందరూ వెళ్లాక ఒక్కతే పోసుకునేది. నేను రుద్దుతానత్తా అంటే, "నీ వీపు నువ్వు చూసుకోపో" అనేది.

ఇంత సంబరంలోనూ బాన కుట్టే ఆమె ఆ గుమ్మం తొక్కలేదు. ఎవరూ వద్దనలేదు. అనాల్సిన పనే లేదు, అందరికీ తెలిసిన సంగతి. ఆ బానను ఆమె కుట్టొచ్చు, నూనె పట్టించొచ్చు, బావి దాకా మోయొచ్చు, మోకుకు కట్టొచ్చు. అది ఒక్కసారి నీళ్లలో మునిగి పైకి వచ్చిందంటే ఇక ఆమె తాకకూడదు. ఊరందరి నీళ్లూ ఆమె చేతి కుట్టులోంచే వస్తాయి. ఆమెకు మాత్రం దూరంగా నిలబడితే ఎవరో కుండలో పోయాలి.

మాఘంలో మిరప కోత మొదలైంది. ఒక సాయంత్రం అత్త, నేను మడికి నీళ్లు సరిగ్గా పారుతున్నాయో లేదో చూద్దామని స్నానాల ఇంటి వెనక్కి పోయాం. అక్కడ తూము దగ్గర బాన కుట్టే ఆమె గొంతుక్కూర్చుని ఉంది. రోజంతా కాయలు కోసిన చేతులు మోచేతుల దాకా ఎర్రగా కందిపోయాయి. లోపలి ఆడవాళ్లు పోసుకోగా బయటికి వస్తున్న నీళ్లను, సున్నిపిండి నురగా వెంట్రుకలూ తేలుతున్న నీళ్లను, దోసిళ్లతో పట్టి మొహం మీద, చేతుల మీద పోసుకుంటోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"గోరువెచ్చగా ఉండాయి లేమ్మా. మంట తగ్గుతాది" అంది, అత్తకు సర్దిచెబుతున్నట్టు.

అత్త ఆ తూము వైపు చూసి, "రేపటి నుంచి లోపలికి రా మే" అంది.

బాన కుట్టే ఆమె నవ్వింది. సంతోషపు నవ్వు కాదు. "రాను లేమ్మా. నేనొక్కదాన్నే వస్తే తప్పు నాదయితాది. రేపు కల్లంలో నా మొగునికి ఏటి కూలి గింజలు కొలిచేటప్పుడు మీ వాళ్లు ఆ తప్పు యాది పెట్టుకుంటారు. ఇంకో ఊరి నుంచి ఇంకొకణ్ణి పిలిపించి బాన కుట్టిస్తారు. మేం యాడికి పోవాల? నువ్వు గూడా వస్తివా, తప్పు ఇద్దరిదీ అయితాది. నీ తప్పును అడిగేటోడు ఈ ఊర్లో లేడు." కొంగుతో చేతులు తుడుచుకుని మళ్లీ అంది. "నాకు ముందు గాదు, నా ఎనక గాదు. నాతోనే రావాల."

అత్త వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చేశాం.

ఆ రోజు నుంచి అత్త స్నానాల ఇంటికి పోవడం మానేసింది. మళ్లీ చాప చాటున, కడవలో నీళ్లు. ఆమె భయపడుతోందని నాకు తెలుసు. ఎందుకు భయపడదు? మామ ఏమంటాడో, కొడుకులు ఏమంటారో, రేపు పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు ఉంటారో లేదో. పెద్దింటి ఆడమనిషికి ఆ పెద్దరికమే కాలికి బంధం. నేను ఉండబట్టలేక, "ఏం చేస్తావత్తా?" అని అడిగాను. "నోరు మూసుకుని నీ పని చూసుకో" అంది. ఆ ఇల్లు పీకించేస్తుందేమో, ఎవరూ పోసుకోకుండా చేస్తే ఎవరి తప్పూ ఉండదని అనుకుంటుందేమో అని కూడా నాకు అనుమానం వచ్చింది.

అంతలో కపిల బాన చినిగింది. అతుకుల మీద అతుకులు వేసిన పాత తోలు, ఒక మధ్యాహ్నం నడిబావిలోనే రెండుగా విడిపోయింది. మడికి నీళ్లు నిలిచిపోతాయని మామ కంగారుపడి కొత్త బానకు కబురు చేశాడు. మొగుడూ పెళ్లాలు రాత్రీ పగలూ కూర్చుని కుట్టారు. తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టి పదును చేసిన కొత్త తోలు. అలాంటి బాన మొదట ముంచినప్పుడు నీళ్లు ఎర్రగా, ఘాటు వాసనతో వస్తాయి. ఆ రోజు నీళ్లను తాగరు, మడికి పెట్టరు, పోసుకోరు. బీడు వైపు వదిలేస్తారు. మా ఊరి వాడుక అది.

బాన కట్టడం అయ్యాక మొగుడూ పెళ్లాలు వాడుక ప్రకారం దూరంగా జరిగి నిలబడ్డారు. ఎద్దులు కదిలాయి. మొదటి బాన పైకి వచ్చింది. స్నానాల ఇంటి ముందు ఆడవాళ్లు ఊరికే చూసిపోదామని గుమిగూడారు. అప్పుడు మా అత్త ఇంట్లోంచి వచ్చింది. భుజం మీద పొడి చీర, చేతిలో సున్నిపిండి గిన్నె. కపిల తోలే మనిషితో, "నీళ్లు బీడుకు వద్దు. స్నానాల ఇంటి తట్టు తిప్పప్పా" అంది.

"ఎర్ర నీళ్లమ్మా అవి!" అన్నారు ఆడవాళ్లు.

"ఎర్ర నీళ్లే. మనం ఎప్పుడూ పోసుకునేది ఈ తోల్లోంచి వచ్చే నీళ్లే గదా. ఈ పొద్దు రంగు కనపడుతాండాది, అంతే."

తర్వాత దూరంగా నిలబడిన బాన కుట్టే ఆమె వైపు తిరిగి, అందరూ వినేటట్టు, "పా మే. ఇద్దరం పోదాం" అంది. బాన కుట్టే ఆమె మొగుడి వైపు చూసింది. అతను తలొంచుకున్నాడు. ఆమె వచ్చి అత్త పక్కన నిలబడింది. ఇద్దరూ ఒకేసారి గుమ్మంలో అడుగు పెట్టారు. గుమ్మం ఇరుకు, భుజాలు రాసుకున్నాయి.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. ఆడవాళ్లు చాలామంది రావడం మానేశారు. మళ్లీ చలికాలం వచ్చి ఎముకలు కొరికేటప్పుడు వెచ్చటి బండ గుర్తొచ్చి, ఒకరొకరే తిరిగి వచ్చారు. కొందరు ఎప్పటికీ రాలేదు. వాళ్లిద్దరూ లోపలికి పోయిన రాత్రే మామ అన్నం ముందు కూర్చుని ఉరిమి చూస్తే, అత్త వడ్డిస్తూ, "మడి ఎండిందా?" అని అడిగింది. లేదన్నాడు. "మరింకేం, తిను" అంది. షరతు మడి గురించే గదా. బాన కుట్టే వాళ్ల గింజలు ఆ ఏడు కల్లంలో అత్తే దగ్గరుండి కొలిపించింది. లోకం మారిపోయిందని నేను చెప్పను. ఒక ఊళ్లో ఒక గుమ్మం తెరుచుకుంది, అంత మటుకే.

నా కళ్ల ముందు ఈ రోజుకీ ఉన్నది కొత్త బాన కట్టిన ఆ సాయంత్రం. ఆడవాళ్లు గొణుక్కుంటూ చెదిరిపోయారు. అత్త పొడి బట్టలు పట్టుకుని నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల తొట్టిలోకి ఎర్ర నీళ్లు వచ్చి పడుతున్నాయి, తంగేడు వాసన. కాసేపు ఇద్దరూ ఎవరి నీళ్లు వాళ్లు పోసుకున్నారు. తర్వాత అత్త గొంతు వినిపించింది.

"ఇట్ల తిరుగు. వీపు రుద్దుతా."

"వద్దు లేమ్మా."

"తిరుగు మే!"

కోపంగానే అంది. ఆమెకు మెత్తగా మాట్లాడటం రాదు. కాసేపటికి బాన కుట్టే ఆమె, "ఇంక నువ్వు తిరుగు" అంది. అమ్మా అనలేదు. అత్త తిరిగింది. నాలుగు కాన్పులు, ఇన్నేండ్ల పెద్దరికం మోసిన వీపు, నేనూ అప్పుడే చూడటం. ఆ ఎర్రని చేతులు దాని మీద పైనుంచి కిందికి నడుస్తున్నాయి.

"గట్టిగా రుద్దుతాండానా?"

అత్త గొంతు నాకు కొత్తగా వినిపించింది. "మాయమ్మ పోయినాక నా వీపు ఎవురూ ముట్టలేదు మే. రుద్దేది ఆపొద్దు" అంది.

అప్పుడు నేను ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. పొడి బట్టలు గుండెకు హత్తుకుని అట్లాగే నిలబడ్డాను. అత్త తల తిప్పి నన్ను చూసింది.

"కథ చెప్పిందే నువ్వు. రాజు ఏమన్నాడో నీకు తెలీదా? నువ్వేంటికి పొడిగా నిలబడుకోనుండావు?"

బట్టలు గూట్లో పెట్టి, కొంగు దోపుకుని లోపలికి పోయి ఇద్దరి ముందూ కూర్చున్నాను. బాన కుట్టే ఆమె చెయ్యి నా వీపు మీద పడింది. సూదులు పట్టి కాయలు కాసిన చెయ్యి, గరుకుగా ఉంది, మిరప మంట ఇంకా అంటుకునే ఉంది. అత్త నా నెత్తిన ఎర్ర నీళ్లు చెంబులతో పోస్తూనే ఉంది. తుంగభద్ర విడిచి వచ్చాక ఒంటి నిండా నీళ్లు పోసుకున్నానని నాకు అనిపించింది ఆ రోజే.